మొదటి కాన్పు, లంక ఊళ్ళో పుట్టిల్లు: చివరి వారాల్లో ఏం జరుగుతుంది?

37 వారాలు నిండాయి, మొదటి కాన్పు, పుట్టిల్లేమో గోదావరి పాయల మధ్యనున్న కోనసీమ లంకలో, ఇక ముందు ఎలా ఉంటుంది అని అడిగారు. డాక్టరు రాసిచ్చిన తేదీని మాత్రం నమ్ముకుని కూర్చోకండి. సరిగ్గా ఆ రోజుకే పుట్టేవాళ్ళు నూటికి ఏ నలుగురో అయిదుగురో. మావాళ్ళు క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. ఇక పిన్నులు, అత్తలు రోజూ ఫోన్లు, "ఇంకా కాలేదా?" అని. నేనేదో ఆపి పెట్టుకున్నట్టు!

బిడ్డ తల కిందికి దిగాక ఊపిరి తేలిగ్గా ఆడుతుంది గానీ, రాత్రంతా బాత్రూమ్‌కి తిరగడమే పని. పాదాలు వాస్తాయి, నిద్ర పట్టదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. దొంగనొప్పుల సంగతే సరిగ్గా చెప్పరు.

నాకు అవి శ్రావణమాసంలో వచ్చాయి. కాజ్‌వే మీద వరద నీరు పారుతోంది. అర్ధరాత్రి పొట్ట ముందుభాగమంతా రాయిలా బిగుసుకుపోయింది. మా నాన్నగారు వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పడవ మధ్యలో వేసి నన్ను కూర్చోబెట్టారు. మేనత్త గొడుగు పట్టింది. పడ్డ వాన కంటే ఆ గొడుగు అంచు నుంచి నా మెడ మీదికి కారిన నీళ్ళే ఎక్కువ. పడవాయన మాత్రం నింపాదిగా, "ఆయ్, కంగారేం లేదండి, మీ అమ్మగారినీ ఇలాగే దాటించారండి మా నాన్న" అంటూ గెడ వేస్తున్నాడు. సగం పాయ దాటేసరికి నొప్పి మాయం! ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ చూసి, "దొంగనొప్పులమ్మా, ఇంటికెళ్ళిపో" అంది. ఏ ఇంటికి, మళ్ళీ పడవెక్కా? కాన్పయ్యేదాకా అమలాపురంలో పిన్ని వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

దొంగనొప్పులకి వరసుండదు. నాలుగడుగులు వేసినా, పక్కకి తిరిగి పడుకున్నా తగ్గిపోతాయి. అసలు నొప్పులు చాలామందికి నడుములో మొదలై ముందుకొస్తాయి, పోనుపోను దగ్గరవుతాయి, గట్టిపడతాయి. అయిదు నిమిషాలకొకటి చొప్పున గంటసేపు వస్తే బయల్దేరమంటారు. అది రోడ్డు పక్కనుండే వాళ్ళకి. పాయ దాటాల్సిన మనకి ఆ లెక్క పనికిరాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక ఇస్తారు కదా, నన్నడిగితే అప్పటిదాకా కూడా ఆగక్కర్లేదు, ముందే ఇవతలి ఒడ్డుకి వచ్చేయండి. మీ ఆశా కార్యకర్తకి, ఊళ్ళోకొచ్చే నర్సమ్మకి (ఏఎన్ఎమ్) ఇప్పుడే చెప్పి ఉంచండి. నెలలు నిండిన వాళ్ళని వరదలప్పుడు వాళ్ళే ముందుగా తరలిస్తారు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినట్టున్నా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, ముఖం ఒక్కసారిగా ఉబ్బినా, నొప్పులు రాలేదు కదా అని చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంకో ఒళ్ళుమంట నాకు, ఈ ముహూర్తం ఆపరేషన్లు. మా అత్తగారి వైపు వాళ్ళు పంచాంగం చూసుకుని వచ్చారు, ఫలానా పొద్దున నక్షత్రం బాగుంది, తీయించేద్దాం అని. అవసరమైతే సిజేరియన్ ప్రాణాలు నిలబెడుతుంది, కాదనను. నక్షత్రం కోసమని 39 వారాలైనా నిండకుండా కోయించుకుంటే, పుట్టాక ఊపిరాడక ఇబ్బంది పడేది బిడ్డ, పంచాంగం కాదు. మా డాక్టరమ్మ గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టింది కాబట్టి ఊరుకున్నారు.

నొప్పులు రావాలంటే ఆముదం తాగమని గ్లాసు పట్టుకొచ్చే పెద్దమ్మ మీ వీధిలోనూ ఒకావిడ ఉండే ఉంటుంది. తాగితే విరేచనాలు పట్టుకుని నీరసం ముంచుకొస్తుంది. గొడవ పడకుండా పుచ్చుకుని, సాయంత్రం దీపంలో పోసేయండి.