ఉద్యోగం చేసుకుంటూ డిటెక్టివ్ నవలలు రాయడం సాధ్యమేనా?

ఉద్యోగం మానకుండా డిటెక్టివ్ నవలలు రాసి నిలబడటం సాధ్యమేనా, అలా రాసేవారి రోజులు ఎలా గడుస్తాయి అని మీరు అడిగారు. నేను ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తూ ఐదు నవలలు రాశాను, వాటిలో మూడు అచ్చయ్యాయి. అందువల్ల సాధ్యమేనని చెప్పగలను. అయితే ఉద్యోగం మన రాతకు అడ్డమని అనుకున్నంతకాలం నేను ఒక్క మంచి అధ్యాయం కూడా రాయలేకపోయాను. ఆ అభిప్రాయం మార్చుకోవడానికి నాకు సాయపడింది ప్రసిద్ధ ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలా రచయిత్రి అగాథా క్రిస్టీ జీవితం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆమె ఇంగ్లండులోని తన సొంత ఊరు టార్కీలో ఉన్న ఆసుపత్రిలో మొదట నర్సుగా, తర్వాత మందుల గదిలో పనిచేసింది. 1917లో అందుకు కావలసిన పరీక్ష కూడా ప్యాసైంది. మందులు కలిపే పని తీవ్రంగా ఉన్నప్పుడు ఊపిరాడేది కాదు, లేనప్పుడు గంటల తరబడి ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. చుట్టూ అలమారాల నిండా విషాలే ఉన్న ఆ గదిలోనే ఆమెకు తొలి నవల ఆలోచన వచ్చింది. హంతకులెవరో చెప్పను గానీ, ఆ నవలలో విషం పనిచేసే తీరు మొత్తం సీసా అడుగున పేరుకునే మడ్డి మీద ఆధారపడి ఉంటుంది. చదువుకునే రోజుల్లో నేను ఎన్నో మిక్స్చర్లు కలిపి, "వాడే ముందు బాగా కుదపండి" అన్న చీటీ ఎన్ని సీసాలకు అంటించానో లెక్కలేదు. ఆ చీటీలో ఒక నవల దాగి ఉందని నాకు ఏనాడూ తోచలేదు. ఆ పుస్తకంలోని ఔషధ పరిజ్ఞానాన్ని ఫార్మసీ పత్రిక ఒకటి మెచ్చుకుంటే, ఆ మెప్పును ఆమె ఎంతో విలువైనదిగా భావించింది. అది ఎందుకో మందుల గదిలో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది.

రాసిన నవల వెంటనే అచ్చయిపోలేదు. ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. చివరికి జాన్ లేన్ అనే ప్రచురణకర్త దగ్గర ఆ రాతప్రతి రెండేళ్ల దాకా ఉండిపోయింది. ఆయన వేసుకుంటానన్నాడు గానీ, కథలోని డిటెక్టివ్ పొయిరో కోర్టు బోనులో నిలబడి రహస్యమంతా విడమరిచి చెప్పే ముగింపు నమ్మశక్యంగా లేదని, దాన్ని మార్చమని అడిగాడు. ఆమె ఆ సన్నివేశాన్ని ఇంటి హాల్లోకి మార్చి, అందరినీ అక్కడ కూర్చోబెట్టి తిరిగి రాసింది. నవల 1920లో వెలువడింది.

సరిగ్గా అదే తప్పు నేనూ చేశాను. కోర్టు గడప తొక్కకుండానే నా రెండో నవల చివర ముప్పై పేజీల క్రాస్ ఎగ్జామినేషన్ రాసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకుడు దాన్ని తిప్పి పంపాడు. మా వీధిలో ఉండే వకీలు గారు నన్ను రెండు రోజులు సెషన్స్ కోర్టులో కూర్చోబెట్టారు. అడిగిన ప్రశ్నకు మాత్రమే సాక్షి జవాబు చెప్పాలని, మధ్యలో వాయిదాలు పడతాయని, నేను రాసినట్టు ఎవరూ పది నిమిషాలు ఏకబిగిన ఉపన్యాసం ఇవ్వరని అప్పుడు అర్థమైంది. ఆ ముప్పై పేజీలూ తీసేసి, ముగింపును నాకు కొట్టినపిండి అయిన చోటికి, అంటే ఆసుపత్రి వార్షిక స్టాక్ తనిఖీకి మార్చాను. రిజిస్టరులో ఉన్న ఆంప్యూళ్ల (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు గొట్టాల) సంఖ్యకూ అలమారాలో మిగిలినవాటికీ తేడా రావడంతో హంతకుడు బయటపడతాడు. పాఠకులు ఇప్పటికీ నాతో ప్రస్తావించేది ఆ ఘట్టాన్నే.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. మొదటి నవల మీద క్రిస్టీకి వచ్చింది ఇరవై ఐదు పౌండ్లు. అదీ పత్రికలో సీరియల్‌గా వేసినందుకు దక్కిన సొమ్ములో సగం వాటా. పైగా తర్వాతి ఐదు నవలలూ అదే సంస్థకు ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకున్నారు. నా మొదటి సీరియల్ పారితోషికం నా నెల జీతంలో పదో వంతు కూడా లేదు, అది కూడా ఎనిమిది నెలలు తిరిగాక చేతికొచ్చింది. కాబట్టి కనీసం మూడు పుస్తకాలు అచ్చయ్యే వరకు మీరు ఉద్యోగం వదలకండి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది 1926 తర్వాతి ఆమె జీవితం. ఆ ఏడాది తల్లి మరణించింది, భర్త మరొకరిని ప్రేమిస్తున్నానని చెప్పాడు, డిసెంబరులో ఆమె పదకొండు రోజులు ఎవరికీ కనిపించకుండా పోయింది. ఆ తర్వాత సంసారం చెదిరి, డబ్బు అవసరమై, మనసు ఏమాత్రం సహకరించకపోయినా కేనరీ దీవుల్లో కూర్చుని ఒక రైలు హత్య కథను పూర్తిచేసింది. అది 1928లో వచ్చింది. ఆ పుస్తకం ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. అయినా రాయాలని లేనప్పుడు, రాస్తున్నది నచ్చనప్పుడు కూడా రాయడం అప్పుడే మొదలైందని, తాను వృత్తి రచయిత్రిగా మారిన క్షణం అదేనని ఆత్మకథలో చెప్పుకుంది. మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడిన ఏడాది నా సీరియల్ వారం వారం నడుస్తోంది. రాత్రి ఆయన నిద్రపోయాక వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే, రేపటికి పంపవలసిన నాలుగు పేజీలు నింపేదాన్ని. ఆ పేజీలు గొప్పవి కావు, కానీ ఒక్క వారం కూడా తప్పలేదు. నేను రచయిత్రినని నాకు నమ్మకం కుదిరింది బహుమతి అందుకున్నప్పుడు కాదు, ఆ ఏడాదే.

ఇక పని పద్ధతి. క్రిస్టీ నోటుపుస్తకాలు డెబ్బై మూడు మిగిలాయి. వాటిలో హత్యల పథకాల పక్కనే కొనవలసిన సామాన్ల జాబితాలు ఉంటాయి, ఒక నవల ఆలోచన నాలుగైదు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. కనుక చక్కని బల్ల, నిశ్శబ్దమైన గది దొరికే దాకా ఆగవద్దు. నేను ఓపీ రద్దీ తగ్గిన మధ్యాహ్నాల్లో మందులు కావాలని రాసి పంపే పాత ఇండెంట్ కాగితాల వెనుక రాసుకునేదాన్ని. ఒక్క నియమం మాత్రం తప్పకుండా పాటించండి. మొదటి అధ్యాయానికి ముందే, హత్య జరిగిన రోజును హంతకుడి వైపు నుంచి గంటల వారీగా ఒక్క పేజీలో రాసి పెట్టుకోండి. అతడు ఎక్కడున్నాడు, ఏ వస్తువు ముట్టుకున్నాడు, ఎవరికి ఏ అబద్ధం చెప్పాడు అన్నవన్నీ అందులో ఉండాలి. ఆ పేజీ పాఠకుడికి ఎప్పుడూ కనిపించదు, కానీ ఏ ఆధారాన్ని ఏ అధ్యాయంలో వదలాలో అదే చెబుతుంది. అచ్చయిన నా మూడు నవలలకూ అలాంటి పేజీలు ఉన్నాయి. మిగిలిన రెండింటికీ రాయలేదు. వాటిలో ఒకదానికి తొమ్మిదో అధ్యాయం దాకా వెళ్లినా హంతకుడెవరో నాకే తెలియలేదు.