రెండో ట్రక్కు కొనే ముందు బాకీల చిట్టా తియ్యి

తమ్ముడూ, ఏకవచనానికి ఏమీ అనుకోకు. డాలస్ చుట్టుపక్కల పాత సామాను ఎత్తే పనిలో నా తర్వాత దిగిన వాళ్ళందరినీ నేను ఇలాగే పిలుస్తాను. గ్రీన్ కార్డు రాగానే ఉద్యోగం మానేసి ట్రక్కు కొన్నావని, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కాంట్రాక్టులు పట్టి రెండోది కూడా కొనాలని ఉందని రాశావు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది చదివి ఉత్సాహపడవద్దు, ముందు లాయరును అడగండి. రిజిస్ట్రేషన్లు, పన్నుల సంగతి ప్రభుత్వ వెబ్‌సైట్లలో దొరుకుతుంది. చదువుకున్నవాడివి, చూసుకుంటావు. అక్కడ దొరకనిది డబ్బు సంగతి.

కొత్తలో నేను ధరలన్నీ కంటిచూపుతోనే చెప్పేవాణ్ణి. ఇక్కడ చాలామంది చేసేదీ అదే: సామాను ట్రక్కులో పావు వంతు పడుతుందా, సగం పడుతుందా అని చూసి రేటు చెబుతారు. చిక్కు ఎక్కడంటే, డంపింగ్ యార్డువాడు కాటా మీద లెక్క కడతాడు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసి వచ్చేటప్పుడు ఒకసారి ట్రక్కును తూచి, తేడాకు టన్నుల లెక్కన వసూలు చేస్తాడు. ప్లేనోలో ఒక ఇంట్లో బాత్‌రూమ్ పగలగొట్టిన టైల్స్, సిమెంటు బోర్డులు పావు ట్రక్కుకే సరిపోయాయి. పావు ట్రక్కు రేటే చెప్పి సంబరపడ్డాను. కాటా మీద అంకె చూశాక ఆ రోజు కూలీ నా జేబులోంచే పోయింది. వానకు నానిన పరుపూ అంతే, ఇద్దరు మనుషులు లేపలేరు. సోఫాలకు, బీరువాలకు ట్రక్కు కొలత చెప్పు. మట్టికి, కాంక్రీటుకు, ఇంటి కప్పు షింగిల్స్‌కు బరువు కొలతే చెప్పు. ఫ్రిజ్, ఏసీలకు విడిగా తీసుకో. వాటిలోని గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తే ఫెడరల్ చట్టం ఊరుకోదు.

ఇక కాంట్రాక్టులు దొరకవేమోనని నీ భయం. దొరుకుతాయి. భయపడాల్సింది దొరికిన తర్వాత. నా మొదటి పెద్ద కాంట్రాక్టు ఒక అపార్ట్‌మెంట్ల నిర్వహణ సంస్థతో కుదిరింది. ఇండియాకు ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాను. నెలాఖరుకు ఖాళీ చేసేవాళ్ళు చెత్త డబ్బాల పక్కన వదిలేసే మంచాలు, పరుపులు తీయడమే పని. బిల్లు పంపితే 30 రోజుల్లో డబ్బు అన్నారు. ఆ 30 రోజులూ వాళ్ళ హెడ్డాఫీసు బిల్లును నమోదు చేసుకున్న రోజు నుంచి అని తర్వాత తెలిసింది. దాని మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు, అంటే ఆ పనికి వాళ్ళ కంపెనీ ఇచ్చే అనుమతి నంబరు, లేదని ఒకసారి తిప్పి పంపారు, లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. ఈలోగా యార్డువాడు అరువివ్వడు, బంకువాడు అరువివ్వడు, పనివాళ్ళకు శుక్రవారం జీతం ఆగదు. ట్రక్కు కిస్తీ కట్టడానికి క్రెడిట్ కార్డు మీద అప్పు తీశాను. పని పెరిగిన కొద్దీ అప్పూ పెరిగింది. "లాభం వచ్చే పనికి ఇంత అప్పెందుకండీ?" అని మా ఆవిడ అడిగింది. అంత సూటి ప్రశ్న మా అకౌంటెంటు ఏనాడూ వేయలేదు.

అప్పటి నుంచి కాంట్రాక్టు పనిని మొత్తం రాబడిలో సగం దాటనివ్వను. మిగతాదంతా అక్కడికక్కడే డబ్బులిచ్చే ఇళ్ళ పని. ఫ్రిస్కోలో పెద్ద ఇంటికి మారే మన తెలుగువాళ్ళు "మనవాళ్ళం కదా" అని గీసి గీసి బేరమాడతారు. ఆడనీ. ట్రక్కు వీధి మలుపు తిరగకముందే బ్యాంకు ఖాతా నుంచి జెల్ (Zelle) ద్వారా డబ్బు పంపేస్తారు. ఏ కంపెనీ పంపుతుంది అలా? రెండు నెలల యార్డు రుసుము, డీజిలు, జీతాలు చేతిలో లేకుండా కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకు.

కాంట్రాక్టులు పట్టే విధానం కూడా అడిగావు. అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసులో మేనేజరుకు ఇచ్చిన కార్డు సొరుగులోకి పోతుంది. మెయింటెనెన్స్ సూపర్‌వైజరును పట్టుకో. సోఫా అడ్డంగా పడి ఉందని చెత్త బండి డబ్బా ఎత్తకుండా వెళ్ళిపోతే తిట్లు తినేది ఆయనే. 25వ తేదీ దాటాక వెళ్ళు, ఆయనకు నీ అవసరం అప్పుడే. పనికి ముందు, తర్వాత తీసిన ఫోటోలు ఆ సాయంత్రమే పంపితే పైవాళ్ళకు చూపించుకుంటాడు. నీ పన్ను నంబరు తెలిపే డబ్ల్యూ-9 ఫారం, బీమా సర్టిఫికెట్ అడగకముందే ఇవ్వు. సాధారణంగా 10 లక్షల డాలర్ల లయబిలిటీ బీమా (నీ పని వల్ల ఇతరులకు నష్టం జరిగితే చెల్లించేది) చూపమంటారు. వారంలో ఫలానా రోజు వస్తాను, నెలకు ఇంత, ఇన్ని వస్తువులు దాటితే అదనం అని రాయించుకో. బిల్లు చెల్లింపు గడువు 15 రోజులు అడుగు. ఒప్పుకోకపోతే ఆ ఆలస్యాన్ని రేటులో కలుపు.

రెండో ట్రక్కు మాట తర్వాత. ముందు నీకు ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో, ఎన్నాళ్ళుగా ఉన్నారో ఒక కాగితం మీద రాసి పంపు. అందులో 60 రోజులు దాటిన పేరు ఒక్కటి ఉన్నా, సోమవారం పొద్దున్నే ఇన్‌వాయిస్ నంబరు పట్టుకుని వాళ్ళ అకౌంట్స్ విభాగానికి ఫోను చెయ్యి.