మానేయడానికి ముందు ఉద్యోగాన్ని మలచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ పూర్తిచేసి గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ‘ఈ పని నావల్ల కాదమ్మా’ అంటోంది. రాజీనామా చేసి అమీర్‌పేటలో మరో కోర్సులో చేరతానంటోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడే రాజీనామా వద్దు. కోర్సు చేసి మరో ఆఫీసులో చేరినా, అక్కడి మొదటి నెలలూ ఇలాగే బెదిరిస్తాయి. మీ అమ్మాయిలో సన్నగిల్లింది ‘నేను చేయగలను’ అనే నమ్మకం. అదెలా వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరించారు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేస్తుంటే చూడటం, నమ్మదగినవారి ప్రోత్సాహం, మనసు, ఒళ్లు కుదుటగా ఉండటం. వీటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనది. అందుకే ‘నీకేం తక్కువ’ అని మనం ఇంట్లో ఎంత చెప్పినా, ఆ ధైర్యం ఆఫీసు గుమ్మం దాకానే.

ఉద్యోగంలో తృప్తి జీతంతోనో మంచి మేనేజరుతోనో మాత్రమే రాదు. చేసే పనిని, కలిసే మనుషులను, పనిని చూసే తీరును ఉద్యోగులే కొంత మార్చుకుంటారని పరిశోధకులు ఎమీ రెస్నెస్కీ, జేన్ డటన్ 2001లో రాశారు. ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బందిలో కొందరు రోగులను, వారి బంధువులను పలకరిస్తూ, తమ పనినీ వైద్యంలో భాగంగానే చూసేవారట. ఆ పని వారికి ఇష్టంగా ఉండేది.

అయితే ఇక్కడొక చిక్కుంది. నమ్మకం లేనివారూ ఉద్యోగాన్ని మలచుకుంటారు, కానీ కుదించుకుంటూ పోతారు. మీటింగులో నోరు విప్పరు, సందేహం అడగరు, కష్టమైన పని పక్కవారికి వదిలేస్తారు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది. నెలలు గడిచేసరికి చేతిలో చెప్పుకోదగ్గ పనే మిగలదు, అసంతృప్తి పెరుగుతుంది. మీ అమ్మాయి ఈ దారిలో ఉందేమో మెల్లగా అడిగి చూడండి.

ఆమె చేయదగింది చాలా చిన్నది. తాను నమోదు చేసిన లోపాన్ని డెవలపర్ ‘మా దగ్గర రావడం లేదు’ అని తిప్పి పంపితే మనసు చిన్నబుచ్చుకోకుండా, ఆ కుర్చీ దగ్గరికే వెళ్లి, ఏ ఫోనులో, ఏ వెర్షన్‌లో, ఏ బటన్ తర్వాత ఏది నొక్కితే తప్పు వచ్చిందో చేసి చూపించాలి. ఆ లోపం సరిదిద్దాక తానే మళ్లీ పరీక్షించి, ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇలాంటివి నాలుగైదు పోగయ్యాక, ‘ఈ ఒక్క ఫీచరు పరీక్ష మొత్తం నేను చూసుకుంటాను’ అని టీమ్ లీడ్‌ను అడగాలి. చెప్పాపెట్టకుండా పని మార్చుకోవడం మాత్రం వద్దు, కొత్తవారి విషయంలో అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. తనకన్నా ఏడాది ముందు చేరిన ఒకరితో స్నేహం చేసుకోమనండి. వాళ్లూ ఇలాగే భయపడ్డారని వినడం ఎంతో మేలు చేస్తుంది.

మీరు సాయంత్రం ‘ఎవరైనా మెచ్చుకున్నారా’ అని అడగకండి, ‘ఈరోజు ఏం చేశావు’ అని అడగండి. మూడు నెలలు ఇలా గట్టిగా ప్రయత్నించాక కూడా లీడ్ అలాంటి పని ఇవ్వకపోతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడం సబబే. అవమానాలు ఎదురవుతుంటే మాత్రం అంతవరకు ఆగనక్కర్లేదు. ఏది ఏమైనా కొత్త ఆఫర్ లెటర్ చేతికి వచ్చాకే, నియామక పత్రంలో నోటీసు గడువు, బాండు షరతులు చూసుకుని రాజీనామా ఇవ్వమనండి.