వైఫై ఉంటే సిమ్ ఎందుకండీ?

ప్రశ్న: ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది, షాపులో ఇంకోటి ఉంది. మాట్లాడేదంతా వాట్సాప్‌లోనే. నెలనెలా రీచార్జి దండగనిపిస్తోంది. సిమ్ ఆపేయొచ్చా?
– కె.ఎస్.ఆర్., విజయవాడ

జవాబు: మాట్లాడుకోవడానికి సిమ్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ మీరు రీచార్జి కడుతున్నది మాటలకు కాదు, నంబరుకు. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెట్టుకుంటే ఆ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆఖరికి మీ వాట్సాప్ ఖాతా కూడా ఆ నంబరు మీద నిలబడ్డదే. పైగా మెసేజింగ్ యాప్‌లు ఫోన్‌లో ఉన్న సిమ్‌తో ముడిపడే పనిచేయాలని టెలికాం శాఖ 2025 నవంబర్ చివర్లో ఆదేశించింది.

ఇంకో చిక్కుంది. ఇంటర్నెట్ మీదుగా మామూలు ఫోన్లకు కాల్ కలపడానికి లైసెన్సు కావాలి. 2018లో టెలికాం శాఖ దీన్ని స్పష్టం చేశాక, ఆ ఏడాదే బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ పేరుతో సిమ్ లేకుండా యాప్‌లోనే పదంకెల నంబరిచ్చే సేవ తెచ్చింది. వాట్సాప్‌లో ఆ సదుపాయం లేదు కాబట్టి, అందులోంచి మీ నాన్నగారి కీప్యాడ్ ఫోన్‌కు కాల్ పోదు.

కాబట్టి సిమ్ ఉంచండి, డేటా ప్యాక్ మానేయండి. డేటా లేకుండా మాట, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. అవి యాప్ మొదటి పేజీలో కనబడవు, కాస్త కిందికి వెళ్లి వెతకాలి. సిమ్‌ను 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, ఖాతాలో 20 రూపాయలు కూడా ఉంచకుండా వదిలేస్తే నంబరు రద్దవుతుంది. కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి పోతుంది, దాంతోపాటే మీ ఓటీపీలూ పోతాయి. డబ్బు సంగతి అటుంచి, అసలు భయపడాల్సింది దీనికే.

ప్రశ్న: ఊరంతా వైఫై వేస్తే జియోలూ ఎయిర్‌టెల్‌లూ ఎందుకు? హైదరాబాద్‌లో 2017లో ‘హై-ఫై’ అని మొదలుపెట్టారు కదా, దాన్నే పెంచితే అందరికీ కాల్స్ ఉచితం కాదా?
– పి. మాధవి, కూకట్‌పల్లి

జవాబు: లెక్క వేసి చూద్దాం. వీధి స్తంభం మీది వైఫై పెట్టె మన చేతిలోని ఫోన్‌తో నమ్మకంగా సంభాషించేది సుమారు వంద మీటర్ల దూరం వరకే. ఆ వృత్తం 0.03 చదరపు కిలోమీటరు. అంటే కిలోమీటరుకు కిలోమీటరు గడిలో 32 పెట్టెలు. అంచులు ఒకదాని మీద ఒకటి పడాలి గనక నిజానికి 45 నుంచి 50 కావాలి. పాత జీహెచ్ఎంసీ పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు 30 వేల పెట్టెలు, ఒక్కోదానికి స్తంభం, కరెంటు, ఫైబర్. ఇదంతా వీధిలో నిలబడ్డవాళ్లకే. రెండు గోడలు దాటి మీ పడగ్గదిలోకి ఆ సిగ్నల్ రాదు.

అందులో జనానికి తెలియని మెలిక ఒకటుంది. స్తంభం మీది పెట్టెకు 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్ల దాకా అనుమతి ఉంది. ఫోన్ పంపేది 0.1 వాటు, చాలాసార్లు అంతకంటే తక్కువే. అందుకే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, అవతలివాళ్ల మాట మీకు వినిపిస్తుంది, మీ మాట మాత్రం వాళ్లకు చేరదు. మైకు పెట్టె చేతిలో ఉంది, మీ ఫోన్‌కున్నది గొంతు ఒక్కటే. పెట్టె శక్తి పెంచితే ఇది తీరదు, పెట్టెల్ని దగ్గర చేస్తేనే తీరుతుంది.

ఇక కదలిక. బండి మీద గంటకు 30 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు 8 మీటర్లు దాటతారు. పెట్టెకూ పెట్టెకూ 150 మీటర్లుంటే 18 సెకన్లకోసారి కాల్ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు చేయి మారాలి. ఇంటర్నెట్ కాల్‌లో మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకు 50 ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. చేయి మారడానికి ఒక్క సెకను పట్టినా 50 ముక్కలు గాల్లో కలిసినట్టే. 802.11ఆర్ అనే పద్ధతి ఈ మార్పును 50 మిల్లీసెకన్ల లోపుకు తెస్తుంది, కాకపోతే పెట్టెలన్నీ ఒకే యాజమాన్యం కింద ఉండాలి. కంపెనీ మారితే నెట్‌లో ఫోన్‌ను గుర్తించే ఐపీ చిరునామా మారుతుంది, అక్కడితో కాల్ తెగుతుంది. సెల్ టవర్ల వ్యవస్థను మొదటి నుంచీ ఈ చేయి మార్పిడి కోసమే కట్టారు. వైఫైని కూర్చున్నచోట వాడుకోవడానికి కట్టారు.

అమెరికాలో ఇది చేసి చూశారు. ఫిలడెల్ఫియా నగరమంతా వైఫై అని 2004లో ప్రకటించారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పెట్టెలు అవసరమయ్యాయి, ఇళ్లలోకి సిగ్నల్ సరిగా పోలేదు, చందాదారులు చాల్లేదు. 2008లో దాన్ని నడిపిన ఎర్త్‌లింక్ కంపెనీ చేతులెత్తేసింది. 2015లో కేబుల్‌విజన్ అనే కేబుల్ టీవీ కంపెనీ ఇంకాస్త సాహసం చేసి, న్యూయార్క్ చుట్టుపక్కల తన 11 లక్షల హాట్‌స్పాట్ల మీదే నడిచే ‘ఫ్రీవీల్’ ఫోన్ తెచ్చింది. నెలకు సుమారు 30 డాలర్లు, సెల్ టవర్ అసలే లేదు. మరుసటి ఏడాదే మూతపడింది. అదే రిపబ్లిక్ వైర్‌లెస్ అనే చిన్న కంపెనీ వైఫై దొరికితే వైఫై, దొరక్కపోతే స్ప్రింట్ కంపెనీ సెల్ టవర్ అన్న పద్ధతి పెట్టుకుని చాలా ఏళ్లు నడిచింది. మా ఓటు కూడా ఆ కలగలుపుకే.

ప్రశ్న: సెల్ సిగ్నల్ రాని గదిలో వైఫై కాలింగ్ పెట్టుకున్నాను. వంద ఎంబీపీఎస్ లైను. అయినా గొంతు రోబోలా ముక్కలవుతోంది, కొన్ని కాల్స్ అసలు మోగవు. లోపం ఎక్కడ?
– ఎస్. రఘురాం, కాకినాడ

జవాబు: వంద ఎంబీపీఎస్‌కూ గొంతుకూ సంబంధం లేదు. గొంతును అంకెలుగా మార్చే పాతకాలపు జీ.711 పద్ధతిలో కూడా ఒక కాల్‌కు సెకనుకు అటు 87, ఇటు 87 కిలోబిట్లు చాలు. కావాల్సింది వేగం కాదు, ప్యాకెట్లు వరస తప్పకుండా రావడం. అటునుంచి ఇటు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు, ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు 30 లోపు, పోయే ప్యాకెట్లు నూటికి ఒకటి మించకుండా ఉంటే గొంతు బాగుంటుంది.

ముందు వైఫై కాలింగే, అంటే టవర్‌కు బదులు వైఫై మీదుగా మీ మామూలు నంబరుతో కాల్ వెళ్లే సదుపాయమే, నడుస్తోందో లేదో తేల్చుకోండి. ఎయిరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మళ్లీ ఆన్ చేసి, ఒక కాల్ చేయండి. వెళ్లకపోతే సెట్టింగ్ ఆన్ కాలేదు. శాంసంగ్‌లో డయలర్ మూడు చుక్కల్లోని సెట్టింగ్స్‌లో ఉంటుంది, మిగతా ఆండ్రాయిడ్‌లలో సెట్టింగ్స్‌లో సిమ్ పేరు నొక్కితే కనబడుతుంది, ఐఫోన్‌లో మొబైల్ సర్వీస్ కింద. రెండు సిమ్‌లుంటే ఒక్కోదానికి విడిగా ఆన్ చేయాలి, చాలామంది తప్పేది ఇక్కడే.

తర్వాత ఆ గదిలోనే ల్యాప్‌టాప్‌తో రౌటర్‌కు పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం కొలిచే ఆజ్ఞ) పెట్టండి. రౌటర్ చిరునామా సాధారణంగా 192.168.1.1 ఉంటుంది. అంకెలు 2 నుంచి 10 మిల్లీసెకన్ల మధ్య నిలకడగా ఉండాలి. వందకు పైన ఎగురుతుంటే లోపం మీ వైఫైలోనే. ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ చూపించే అంకె మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి, మైనస్ 75 దాటి పడిపోతే గొంతు తెగుతుంది. ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4లోనే ఉండాల్సివస్తే ఛానల్ 1, 6, 11ల్లో పక్కింటివాళ్లు తక్కువగా వాడేదాన్ని ఎంచుకుని వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. రిపీటర్ పెట్టి ఉంటే దానికే మొదటి అనుమానం. అది విన్న మాటను అదే గాల్లో మళ్లీ చెబుతుంది గనక ఆలస్యం రెట్టింపవుతుంది. ఆ గదిదాకా క్యాట్6 నెట్‌వర్క్ వైరు లాగి రెండో పెట్టె పెడితే పీడ విరగడవుతుంది.

రౌటర్ పింగ్ బాగుండి, బయట నెట్‌లో ఉన్న గూగుల్ చిరునామా 8.8.8.8కు పెట్టిన పింగ్ మాత్రం ఫోటోల బ్యాకప్ నడిచేటప్పుడు 20 నుంచి 300కు పోతోందంటే, అప్‌లోడ్ క్యూ నిండిపోతోంది. సీసీ కెమెరా క్లౌడ్ కూడా ఇలాగే చేస్తుంది. రౌటర్‌లో ఆ క్యూను అదుపుచేసే క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉంటే, కొలిచి చూసిన అప్‌లోడ్ వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. కాస్త వేగం పోతుంది, గొంతు తేరుకుంటుంది.

కాల్స్ మోగకపోవడం వేరే జబ్బు. వైఫై కాలింగ్ ఫోన్ నుంచి కంపెనీ సర్వర్‌దాకా ఒక రహస్య సొరంగం తవ్వుకుంటుంది, యూడీపీ పద్ధతిలో 500, 4500 నంబర్ల పోర్టుల (డేటా వెళ్లే దారుల) మీద. రౌటర్ ఫైర్‌వాల్ వాటిని ఆపినా, ఫోన్ బ్యాటరీ ఆదా కోసం తెర ఆరగానే వైఫైని నిద్రపుచ్చినా సొరంగం మూసుకుపోతుంది. ముందు బ్యాటరీ సేవర్ తీసి ఒక రోజు చూడండి, తర్వాత రౌటర్ జోలికి వెళ్లండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అయిదంతస్తులు, 40 ఫ్లాట్లు. సెల్లార్‌లో, కారిడార్లలో టవర్ అందదు. అసోసియేషన్ తరఫున వైఫై వేస్తే ఎంత సామాను కావాలి?
– కార్యదర్శి, హనుమకొండ

జవాబు: అంతస్తుకు రెండు, సెల్లార్‌లో రెండు, మొత్తం 12 యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై పెట్టెలు. వైరు మీదే కరెంటు తీసుకునే రకం కొనండి, ఒక్కోదానికి 15 వాట్ల లోపే. వాటికి వైర్ల మీదే కరెంటు పంపే 16 పోర్టుల పీఓఈ స్విచ్, 200 వాట్లు తగ్గకుండా ఇచ్చేది. ఏ వైరూ 100 మీటర్లు దాటకూడదు. అన్ని పెట్టెలకూ వైఫై పేరూ, పాస్‌వర్డ్ ఒక్కటే ఉంచి, ఫోన్ పెట్టె నుంచి పెట్టెకు సాఫీగా మారేందుకు తోడ్పడే 802.11 కే, వీ, ఆర్ ఆన్ చేయండి. శక్తిని మాత్రం తగ్గించండి. అన్నీ పూర్తి శక్తితో పెడితే ఫోన్ మూడో అంతస్తు పెట్టెను పట్టుకుని సెల్లార్‌దాకా వదలదు. అందరూ ఒకేసారి మాట్లాడినా 40 కాల్స్‌కు అటూ ఇటూ 4 ఎంబీపీఎస్ చాలు, కాబట్టి పెద్ద ప్లాన్ కొనకండి. ఆ డబ్బు స్విచ్‌కూ రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి యూపీఎస్ మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడే కదా ఫోన్ కావాల్సింది. లిఫ్ట్ ఇనుప డబ్బా, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వైరుతో నడిచే ఇంటర్‌కమ్ బాగుచేయించండి.

ప్రశ్న: కిరాణా కొట్టులో పీఎం-వాణి పెట్టుకుంటే ఊళ్లో వాళ్లు దాని మీద ఫోన్ మాట్లాడుకోవచ్చా?
– జగిత్యాల నుంచి ఒక దుకాణదారు

జవాబు: మాట్లాడుకోవచ్చు, కొట్టు ముందు నిలబడి. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఈ ప్రజా వైఫై పథకంలో మీకు లైసెన్సు గానీ ఫీజు గానీ లేదు. పీడీఓఏ (పబ్లిక్ డేటా ఆఫీస్ అగ్రిగేటర్) అనే రకం సంస్థల్లో ఒకదాని కింద చేరితే చాలు. 200 ఎంబీపీఎస్ దాకా ప్లాన్లకు, ఇళ్లకిచ్చే ధరకు రెట్టింపు మించి మీ దగ్గర తీసుకోకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ హద్దు పెట్టింది. ఆదాయమంతా డేటా ప్యాక్‌ల మీదే వస్తుంది, కాల్స్ మీద రాదు.

ప్రశ్న: అమ్మానాన్న ఆర్నెల్లు మా దగ్గరుంటారు. ఇక్కడ వాళ్లకు సిమ్ కొనకుండా వైఫైతో సరిపెట్టవచ్చా?
– ఎ.వి., ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇంట్లో ఉన్నంతసేపు సరిపోతుంది. బయలుదేరేముందే ఇండియాలో ఉండగా వాళ్ల సిమ్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయించి, విదేశంలో వైఫై మీద ఎస్సెమ్మెస్ అందుతుందా, కాల్‌కు ఎంత పడుతుందని వాళ్ల కంపెనీని అడగండి. ఇక్కడ ఎయిరోప్లేన్ మోడ్‌లో వైఫై ఆన్ చేసి ఉంచితే పొరపాటున రోమింగ్ బిల్లు పడదు. పార్కుకో గుడికో వెళ్లేరోజుకు మాత్రం వాళ్ల చేతిలో చవకైన ఇక్కడి సిమ్ ఒకటి ఉండాల్సిందే. దాంట్లో వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఇంటి చిరునామా అడుగుతుంది. ఖాళీగా గానీ తప్పుగా గానీ నింపకండి. వైఫై మీదుగా 911కు కాల్ పోతే అంబులెన్సును ఆ చిరునామాకే పంపే అవకాశం ఉంది, ఇల్లు మారితే అదీ మార్చాలి.