ఫైల్లో ఉన్న ఫీజును నమ్మి ఇల్లు తాకట్టు పెడతారా?

ప్రశ్న: ఒక లా సంస్థలో పదేళ్లుగా సబ్రొగేషన్ కేసులు చూస్తున్నాను. అగ్నిప్రమాదాలు, నీటి లీకేజీల్లో బీమా కంపెనీ చెల్లించిన పరిహారాన్ని బాధ్యుల నుంచి రాబట్టడం నా పని. ఇప్పుడు సొంత ప్రాక్టీసు పెడుతున్నాను. వసూలైన దాంట్లో మూడో వంతు ఫీజు, మా దగ్గర దానికి అనుమతి ఉంది. నిపుణుల ఖర్చు ముందు నేనే పెట్టుకోవాలి. ఎనిమిది నెలల్లో మూడు ఫైళ్లు సెటిల్ అవుతాయన్న ధీమాతో ఇంటి మీద టాప్-అప్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. రెండు నెలల ఖర్చులకు డబ్బుంది. లోన్‌లో మిగిలింది ఎందులో పెట్టుబడి పెట్టాలి?

జవాబు: అప్పు తెచ్చి మిగులు అంటున్నారు. మీకింకా మిగులే లేదు, పెట్టుబడి మాట తర్వాత. చేతికి రాని డబ్బును ఆదాయంగా రాసుకోవడం కమీషన్ల మీద, బిల్లుల మీద బతికేవాళ్లంతా చేసే పొరపాటే.

కంపెనీ 100 చెల్లించిందనుకోండి. అది కొత్త సామాను ధర. అవతలి పక్షం పాతదాని విలువే కడతానంటుంది. తరుగుదల పోను 75. ఐదో వంతు తప్పు ఇంటివారిదేనని తేలితే 60. అందులో మీ మూడో వంతు 20. నిపుణుల పరీక్షలకు పెట్టిన 9 ముందు తీసేసి వాటా లెక్కించాలని ఒప్పందంలో ఉంటే 17. మీరు 33 అనుకుని వాయిదాలు లెక్కేసి ఉంటారు.

అదీ కేసు నిలబడితే. సింకు కింద కనెక్టర్ ప్లాస్టిక్ నట్టు పగిలి ఇల్లంతా నీళ్లయ్యాయనుకోండి. తయారీ లోపమా, బిగించినవాడు అతిగా తిప్పాడా అన్నది ఆ పగులు చూసే చెప్పాలి. రిపేరుకొచ్చినవాడు దాన్ని చెత్తలో పడేస్తే మీ ఫైలూ దాంతోపాటే పోయినట్టు. అవతలివారికి నోటీసివ్వకుండా మీ నిపుణుడు దాన్ని కోసినా చిక్కే. పాలసీదారు మీకు చెప్పకుండా రాజీపత్రం మీద సంతకం పెట్టి ఉంటే ఆయనకు లేని హక్కు కంపెనీకీ ఉండదు. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. అప్పు లెక్క దగ్గరే గుర్తు రాలేదు.

ముందు అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలలు చాలంటాను, మీకు పన్నెండు నెలలు కావాలి. ఇంటి ఖర్చు, ఇప్పటికే ఉన్న ఈఎంఐలు, ప్రీమియంలు అన్నీ కలిపి లెక్కేయండి. అడిగిన రోజే తీసుకోగలిగే చోట ఉంచండి. నిపుణుల ఫీజులు, సాక్ష్యాలు భద్రపరిచే గోడౌన్ అద్దెల కోసం వేరే ఖాతా తెరవండి. ఈ రెండూ కలిస్తే ఒక పెద్ద అగ్నిప్రమాదం కేసు మీ వంటింటి డబ్బు మింగేస్తుంది. క్లయింట్ ఖాతాలో పడిన రికవరీ సొమ్ములోంచి రెండు రోజులకని కూడా వాడుకోవద్దు, లైసెన్సుకే ఎసరు.

ఈ నిధి పోగయ్యేదాకా రాజీనామా వద్దు. ఈలోగా కంపెనీలతో మాట్లాడి నిపుణుల ఖర్చు వాళ్లే భరించేలా, చిన్న ఫైళ్లకు స్థిరమైన ఫీజు ఇచ్చేలా చూసుకోండి. ఇంటి మీద లోన్ మాత్రం వద్దే వద్దు. కేసు పోయినా వాయిదా ఆగదు.

వృత్తిపరమైన ఇండెమ్నిటీ పాలసీ, అంటే మీ పొరపాటు వల్ల క్లయింట్ మీమీద దావా వేస్తే ఆదుకునే బీమా, లేకుండా ఒక్క ఫైలూ తీసుకోకండి. బాధ్యుల మీద కేసు వేయడానికి ఉన్న గడువు సాధారణంగా నష్టం జరిగిన రోజు నుంచే నడుస్తుంది, ఫైలు మీ బల్ల మీదికొచ్చిన రోజు నుంచి కాదు. అది దాటిపోతే కంపెనీ మీమీదే దావా వేస్తుంది. ఇలాంటి పాలసీలు చాలావరకు దావా పడిన నాటికి అమల్లో ఉంటేనే చెల్లిస్తాయి. అందుకని పాత సంస్థలో చేసిన పనికి కవరేజీ ఎవరిదో బయటికి రాకముందే రాతపూర్వకంగా తీసుకోండి. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా మీతో రాదు, సొంతది ఇప్పుడే తీసుకోండి.

ఫండ్లు, రిటైర్‌మెంట్ ఖాతా ఏడాది తర్వాత చూద్దాం. మీ వాటా వచ్చే ఫైలు ఒకటి ముందే సెటిల్ అయితే ఆ ఫీజు మొత్తం అత్యవసర నిధికే వెళ్లాలి.