ముగింపు సెషన్ నీకు అప్పగించారట

తమ్ముడూ,

కథల వర్క్‌షాప్‌లో చివరి సెషన్ నీ మీద పెట్టారని, టెన్షన్‌గా ఉందని రాశావు. మొదటిసారి కదా, ఉంటుంది. ముందు నిర్వాహకులతో ఒక విషయం తేల్చుకో. నీ సెషన్ సర్టిఫికెట్ల తర్వాత ఉండకూడదు. శాలువాలు, మెమెంటోలు, వందన సమర్పణ అయి సర్టిఫికెట్ చేతికొచ్చిందంటే పిల్లలు బ్యాగు భుజాన వేసుకుని బస్సు టైము చూసుకుంటారు. అప్పుడు అభిప్రాయం అడిగితే "చాలా బాగుందండీ, భోజనాలు కూడా బాగున్నాయి" అనేసి లేస్తారు.

కుర్చీలు గుండ్రంగా వేయించు. వేదిక మీద ఎవరూ వద్దు, నువ్వు కూడా. ముందు మాట్లాడించకు, రాయించు. అయిదు నిమిషాలు, ఒకే ప్రశ్న: "మొదటి రోజు తెచ్చిన కథలో ఇప్పుడు ఏ వాక్యం కొట్టేస్తావు, ఎందుకు?" వర్క్‌షాప్ ఎలా ఉందంటే మర్యాదకి బాగుందంటారు. దీనికి అలా తప్పించుకోలేరు, కాగితం తీసి వెతుక్కోవాల్సిందే. ఒకమ్మాయి "ఆమె గుండె బరువెక్కింది" అన్నది కొట్టేస్తుందనుకో. పై వాక్యంలోనే ఆమె అలవాటుగా రెండో కంచం పెట్టి, మళ్లీ తీసేసిందని ఉంది కాబట్టి ఇంకేం చెప్పక్కర్లేదంటుంది. మూడు రోజుల్లో ఆ పిల్లకి ఏం అందిందో నీకు అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత నలుగురేసి కూర్చుని చెప్పుకోమను, అందరిలోకీ చిన్నవాళ్లు మొదలుపెట్టాలి. ఒకేసారి అందరి ముందూ అయితే గొంతున్నవాళ్లే మాట్లాడతారు. మన సభల్లో మైకు దొరికితే వదలని పెద్దమనిషి ఒకరు ఎలాగూ ఉంటారు, ఆయనకి టైము చూసే పని అప్పగించు.

ఒకరి కథ మీద ఒకరు మాట్లాడేటప్పుడు జాగ్రత్త. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, కథలకీ చక్కగా పనికొస్తుంది. మొదట విన్నవాళ్లు తమకి ఏది పట్టుకుందో చెబుతారు. తర్వాత రాసినవాళ్లే తమ సందేహాలు అడుగుతారు. ఆ పైన విన్నవాళ్లు ప్రశ్నలు వేస్తారు, కానీ ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. "ముగింపు ఎందుకంత పేలవంగా పెట్టావు?" అనేది ప్రశ్న కాదు. "చివర్లో తండ్రి ఏమనుకోవాలని నీ ఉద్దేశం?" అనేది ప్రశ్న. అభిప్రాయం ఆఖర్నే, అదీ "చెప్పమంటావా?" అని అడిగి, సరేనంటేనే. ఈ ఆఖరి నియమం మనవాళ్లకి మింగుడుపడదు. పడకపోయినా పట్టుబట్టు.

వర్క్‌షాప్ శ్రీకాకుళంలో కాబట్టి ఆ రోజు పొద్దున కథానిలయం చూపిస్తారన్నావు. 1997లో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పెట్టిన ఆ కథల గ్రంథాలయంలో అన్నన్ని పాత పత్రికలూ సంపుటాలూ చూసొచ్చాక కొందరు "ఇంతమంది రాసేశాక మనమేం రాస్తాం" అని డీలా పడతారు. ఆ మాట బయటికి వస్తే "అదేం లేదు" అని నోరు మూయించకు. కాసేపు నడవనివ్వు. వాళ్లలోనే ఎవరో ఒకరు జవాబు చెబుతారు.

ఫీడ్‌బ్యాక్ ఫారంలు పేర్లు లేకుండా తీసుకో, కానీ వాటిని చూసి మురిసిపోకు. శిక్షణని అంచనా వెయ్యడానికి డోనల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పొచ్చిందా, ఫలితం కనిపించిందా. ఆ సాయంత్రం ఫారంలో తెలిసేది మొదటిదే, మహా అయితే రెండోదాంట్లో కాస్త. మూడోది తెలియాలంటే, తిరగరాసిన కథ ఫలానా తేదీకి పంపాలని అక్కడే ఒప్పించు. జంటలు కట్టు, ఒకరికొకరు ఫోన్ చేసి గుర్తు చేసుకుంటారు. నువ్వొక్కడివే అందరి వెంటా పడలేవు.

నీ ప్రశ్నలు రాసి పంపు, చూస్తాను. అన్నట్టు, గ్రూప్ ఫొటో పొద్దున్నే తీయించెయ్యమను. సాయంత్రానికి సగం మంది ఉండరు.

నీ అన్న