కరెంటు బకాయికి వడ్డీ అప్పు తెచ్చే ముందు

బిడ్డా స్వరూపా,

పదకొండు వేల కరెంటు బకాయి కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నావట. కాస్త ఆగు. ముందు ఆ పదకొండు వేలల్లో ఏమేం కలిశాయో చూడాలి.

బిల్లులో ఈ నెల చార్జీ, పాత బకాయి, ఆలస్యపు రుసుము, ఏసీడీ వేర్వేరుగా ఉంటాయి. ఏసీడీ అంటే వాడకం పెరిగితే అడిగే అదనపు డిపాజిట్. అది నీ డబ్బే, దానికి ఏటా వడ్డీ బిల్లులో జమ కావాలి. తర్వాత మీటరు మీది అంకె, బిల్లు మీది అంకె కలుస్తున్నాయా చూడు. ఇంటికి తాళం ఉంటే సగటు లెక్కన బిల్లు వేస్తారు. అసలు రీడింగు తీశాక దాన్ని సర్దకపోతే తప్పు మొత్తమే బకాయిగా పేరుకుంటుంది.

లెక్క సరిగానే ఉంటే కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్వో ఆఫీసుకు వెళ్లు. బిల్లు మీదుండే నీ కనెక్షన్ నంబరు (యూఎస్సీ నంబరు) వేసి, పాత బిల్లుల జిరాక్సులు జతచేసి తెల్లకాగితం మీద అర్జీ రాయి. "వాయిదాలు ఇవ్వండి" అని ఊరుకోకు. నెలనెలా వచ్చే బిల్లుతో పాటు వెయ్యి కడతానని అంకె వేసి రాయి. మోయగలిగినంతే రాయి, ఒక్క వాయిదా తప్పినా మళ్లీ ఒప్పించడం కష్టం. రెండో కాపీ మీద ముద్ర వేయించుకో. రసీదు లేకుండా లైన్‌మన్ చేతిలో పైసా పెట్టకు.

బకాయికి కనెక్షన్ తీయాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ అది. బిల్లే తప్పని నీ వాదనైతే, అడిగిన మొత్తమో, గడిచిన ఆరు నెలల సగటు లెక్కన వచ్చేదో, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నా" అని రాసి కట్టు. వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. ఈఆర్వో ఆఫీసులో పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఫ్యూజు పీకారని పక్కింటి నుంచి వైరు మాత్రం లాగకు, అది వేరే కేసవుతుంది.

ఇక గృహజ్యోతి, అంటే తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే పథకం. పాత బాకీని అది మాఫీ చేయదు; బాకీ ఉండగా సున్నా బిల్లు వస్తుందో లేదో ముందే కనుక్కో. తెల్లరేషన్ కార్డు, ఆధార్, యూఎస్సీ నంబరు పట్టుకుని ఎంపీడీఓ ఆఫీసులో అడుగు. అద్దె ఇంటివాళ్లకూ వర్తిస్తుంది. చిక్కల్లా 200 యూనిట్ల దగ్గరే: 201 అయితే ఆ ఒక్కదానికే కాదు, మొత్తానికీ కట్టాలి, వెయ్యి రూపాయలు దాటుతుంది. రోజుకు ఆరు యూనిట్లు మించకుండా వారానికోసారి మీటరు అంకె గోడ క్యాలెండర్ మీద రాసుకో.

మొదటి వాయిదాకు చేతిలో లేకపోతే మీ పొదుపు సంఘంలో అంతర్గత అప్పు అడుగు. రూపాయి వడ్డీకి దొరికేది వదిలి మూడు రూపాయలకు ఎందుకు పోవడం?

మీ పెద్దనాన్న